ఇంట్లో పగడాల అక్వేరియం: నీరు, వేడి, కరెంటు కుదిరాకే చేపలు

పగడపు దిబ్బల మీది సముద్రంలో ఉప్పదనం, వేడిమి, క్షారత ఒక రోజుకూ మరో రోజుకూ మధ్య పెద్దగా మారవు. అక్కడి ప్రాణులు ఆ నిలకడకే అలవాటు పడ్డాయి. ఇంట్లో రీఫ్ అక్వేరియం పెట్టడమంటే అదే నిలకడను ఒక గాజు తొట్టెలో ఏడాది పొడుగునా కాపాడడం. అందుచేత కొనవలసిన వాటిలో చేప అన్నిటికంటే చివరిది. మొదట తేల్చుకోవలసినవి మీ ఇంటికి వచ్చే నీరు, మీ గదిలోని వేడి, మీ వీధిలోని కరెంటు. ఈ వ్యాసంలో హైదరాబాదులోని ఒక సాధారణ ఇంటిని, అందులో మూడడుగుల ట్యాంకును దృష్టిలో పెట్టుకుని పని క్రమాన్ని వివరిస్తాను. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర నగరాల్లో తేడా వచ్చే చోట ఆ సంగతీ చెబుతాను.

ఇంకా ముందుగా తెలుసుకోవలసినది చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో గట్టి పగడాలన్నిటినీ, నల్ల పగడాలను, అగ్ని పగడాలను, సీ ఫ్యాన్లను, సముద్రపు గుర్రాలను చేర్చారు. మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల దిబ్బల నుంచి పగడాన్నిగాని పగడపు రాయినిగాని తెచ్చి అమ్మడం నేరం, కొనడమూ నేరమే. 2022 సవరణ తరువాత, వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్న ప్రాణులను ఇంట్లో ఉంచుకునేవారు వాటిని నమోదు చేయించుకోవాలి. విదేశాల నుంచి వచ్చే గట్టి పగడాలు ఆ జాబితాలోనివే. కాబట్టి అమ్మకందారును దిగుమతి పత్రాలు అడగండి, చూపలేకపోతే బేరం అక్కడే వదిలేయండి. దిబ్బల మీద ప్రేమతో పెట్టే అక్వేరియం దిబ్బలను కొల్లగొట్టే వ్యాపారానికి ఆసరా కాకూడదు. మొదటి ఏడాది మెత్తని పగడాలకు, మష్రూమ్, జోయాంథిడ్ జాతులకు పరిమితం కావడం చట్టపరంగా సులువు, పెంపకంలోనూ సులువు.

ట్యాంకు, దాని చోటు

మూడడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు గల ట్యాంకులో సుమారు 190 లీటర్ల నీరు పడుతుంది. కొత్తవారు ఖర్చుకు వెరచి చిన్న ట్యాంకు కొంటారు గాని, నీరు తక్కువైనకొద్దీ ఉప్పదనమూ వేడిమీ త్వరగా మారిపోతాయి, సరిదిద్దుకోవడానికి వ్యవధి దొరకదు. నీరు, రాళ్లు, గాజు, స్టాండు, దాని కింద సంప్ అనే రెండో తొట్టె అన్నీ కలిపి బరువు 300 కిలోలు దాటుతుంది. అపార్ట్‌మెంటులో అయితే గది నడుమ కాకుండా, కింద బీమ్ ఉన్న గోడ వారగా పెట్టాలి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన వద్దు. స్టాండు సమతలంగా ఉన్నదో లేదో మేస్త్రీలు వాడే లెవెల్ గొట్టంతో చూడండి. ఒక మూల రెండు మూడు మిల్లీమీటర్లు దిగినా ఆ ఒత్తిడి అంతా గాజు అతుకుల మీద పడుతుంది.

సంప్ ఉన్న ట్యాంకునే నేను సిఫారసు చేస్తాను. పై ట్యాంకు నుంచి నీరు ఓవర్‌ఫ్లో ద్వారా కింది తొట్టెలోకి దిగుతుంది, అక్కడ స్కిమ్మర్ దాన్ని శుభ్రం చేస్తుంది, రిటర్న్ పంపు తిరిగి పైకి పంపుతుంది. ప్రొటీన్ స్కిమ్మర్ అంటే సన్నని గాలి బుడగలతో నురగ తెప్పించి, ఆ నురగకు అంటుకున్న సేంద్రియ వ్యర్థాన్ని ఒక కప్పులోకి తోసివేసే పరికరం. వ్యర్థం కుళ్లి అమ్మోనియా కాకముందే బయటికి పోతుంది కనుక, ఉప్పునీటి ట్యాంకుల్లో దీనికి మామూలు ఫిల్టర్ల కంటే ఎక్కువ విలువ.

అన్నీ బిగించాక ముందు మామూలు నీరు నింపి రెండు రోజులు ఉంచి, కారుతున్నదేమో చూడాలి. అదే సమయంలో కరెంటు పోయినప్పటి పరీక్ష కూడా చేయాలి. పంపు నడుస్తుండగా సంప్ గాజు మీద నీటిమట్టం దగ్గర ఒక టేపు ముక్క అతికించండి. తరువాత మెయిన్ స్విచ్ ఆపండి. పై ట్యాంకు నీరు ఓవర్‌ఫ్లో గుండా కొంత, రిటర్న్ పైపు గుండా వెనక్కి కొంత కిందికి వస్తుంది. సంప్‌లో మట్టం మెల్లగా లేస్తుంది. అది ఆగేవరకు కదలకుండా చూడండి. అంచుకు ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ మిగిలితే సరే. మిగలకపోతే టేపును కిందికి దించి, అంతవరకే నీరు నడిచేలా తగ్గించి మళ్లీ పరీక్షించండి. రిటర్న్ పైపు నోరు పై ట్యాంకు నీటిలో లోతుగా ఉంటే అంత లోతు నీరూ వెనక్కి వచ్చేస్తుంది. ఉపరితలానికి కాస్త దిగువన ఉంచితే వెంటనే గాలి పీల్చుకుని ప్రవాహం ఆగిపోతుంది. నీరు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు పెట్టాము కదా అని ధైర్యపడవద్దు, దానిలో ఒక నత్త ఇరుక్కున్నా అది మూసుకోదు.

నీరు

ఈ పనిలో తెలుగు నగరాలవారికి అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఇదే. హైదరాబాదు బోరు నీటిలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాల మొత్తం, లీటరుకు కొన్ని వందల మిల్లీగ్రాములు ఉండడం మామూలు, కొన్ని కాలనీల్లో వెయ్యి దాటుతుంది. ట్యాంకర్ నీరు కూడా ఎక్కువగా బోరు నీరే. అందులోని నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్ నాచుకు ఎరువు. మునిసిపల్ కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. కనుక ఆర్వో తరువాత, మిగిలిన లవణాలను కూడా పట్టుకునే డీఐ రెజిన్ ఉన్న యూనిట్ తప్పనిసరి, దాని నుంచి వచ్చే నీటి టీడీఎస్ సున్నా చూపించాలి.

వంటింట్లో ఆర్వో ప్యూరిఫయర్ ఉన్నది కదా, అది చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. ఆ యూనిట్ మూత తీసి చూస్తే, మెంబ్రేన్ తరువాత ఒక చిన్న తిప్పుడు వాల్వు కనిపిస్తుంది. దాన్ని టీడీఎస్ కంట్రోలర్ అంటారు. తాగే నీరు చప్పగా ఉండకూడదని, మెంబ్రేన్ దాటని నీటిని అది కొంత తెచ్చి కలుపుతుంది. కొన్నింటిలో ఖనిజాలు కలిపే కార్ట్‌రిడ్జ్ కూడా ఉంటుంది. తాగడానికి అది మంచిదే. పగడాలకు మాత్రం తీసివేసిన దాన్నే తిరిగి పోసినట్లవుతుంది. మెంబ్రేన్ మంచిదైతే 95 నుంచి 98 శాతం లవణాలను ఆపుతుంది. అంటే 800 టీడీఎస్ బోరు నీరు 16 నుంచి 40 వరకు దిగుతుంది, ఆ మిగిలినదాన్ని డీఐ రెజిన్ పట్టుకుంటుంది. మెంబ్రేన్ బలహీనపడితే రెజిన్ వారాల్లోనే అయిపోతుంది కనుక, టీడీఎస్ మీటరుతో రెండు దశల తరువాతా విడివిడిగా కొలవండి. మేడ మీది ట్యాంకు నుంచి పై అంతస్తులకు వచ్చే నీటి ఒత్తిడి మెంబ్రేన్‌కు సరిపోదు, బూస్టర్ పంపు ఉన్న యూనిట్ తీసుకోండి. ఒక లీటరు మంచి నీటికి మూడు నాలుగు లీటర్లు వ్యర్థపు గొట్టం గుండా పోతాయి. దాన్ని బకెట్లకు పట్టి నేల తుడవడానికి, బాత్రూముకు వాడుకోవచ్చు.

తీర ప్రాంతంవారికి బీచ్ నుంచి సముద్రపు నీరు తెచ్చుకోవాలన్న ఆలోచన సహజంగానే వస్తుంది. మన తీరంలో పగడపు దిబ్బలు పెరగకపోవడానికి గల కారణాన్ని తలచుకుంటే దానికి జవాబు దొరుకుతుంది. గోదావరి, కృష్ణా నదులు తెచ్చే ఒండ్రు, వానాకాలంలో అవి కలిపే మంచినీరు తీరపు నీటిని మడ్డిగానూ చప్పగానూ చేస్తాయి. రేవు పట్టణాల దగ్గర దానికి నూనె, మురుగు తోడవుతాయి. బీచ్ ఇసుక కూడా వద్దు, ట్యాంకుకు సున్నపు స్వభావం గల ఆరగొనైట్ ఇసుక కావాలి.

ఉప్పు కలపడానికి ఆహార పదార్థాలకు వాడే రకం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి కేటాయించండి. అందులో ఇంకే వస్తువూ, ముఖ్యంగా సబ్బు తగిలినదేదీ పడకూడదు. ముందు నీరు నింపి, లోపల చిన్న పంపు తిప్పుతూ, పగడాల ట్యాంకుల కోసమే అమ్మే రీఫ్ ఉప్పును కొద్దికొద్దిగా చల్లాలి. ఉప్పు పోసి దాని మీద నీరు పోస్తే, అడుగున గాఢత మరీ పెరిగి కాల్షియం కార్బొనేట్ తెల్లగా పేరుకుంటుంది, అది మళ్లీ కరగదు. లీటరుకు సుమారు 36 గ్రాములు పడుతుంది; సంప్‌తో కలిపి 220 లీటర్లనుకుంటే మొదటి నింపుడుకు 8 కిలోలు. మంచిగా కరిగి నీరు తేటపడ్డాక రిఫ్రాక్టోమీటరుతో కొలవండి. వెయ్యికి 35 వంతుల ఉప్పదనం, అంటే 1.026 దగ్గరి సాంద్రత మన గురి. రిఫ్రాక్టోమీటరును ఉత్త ఆర్వో నీటితో సున్నాకు సరిచేస్తే చాలదు. 35 వంతుల ప్రామాణిక ద్రావణం అమ్ముతారు, దానితో సరిచేసుకోవాలి, ఎందుకంటే మనం కొలిచేది ఆ గీత దగ్గరే.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. అందుకని రోజూ తగ్గిన మేరకు ఉప్పు కలపని ఆర్వో డీఐ నీరే పోయాలి. చేతితో రోజుకొకసారి పోయడం కన్నా, మట్టం తగ్గగానే కొంచెం కొంచెం పోసే ఆటో టాప్ ఆఫ్ పరికరం పెట్టడం మేలు.

వేడి

25 నుంచి 27 డిగ్రీల మధ్య నీరు నిలబడాలి. 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి ఉంటే, పగడాలు తమ కణజాలంలో బతికే సూక్ష్మ శైవలాన్ని వదిలేసి తెల్లబడిపోతాయి. తిండిలో ఎక్కువ భాగం ఆ శైవలమే అందిస్తుంది కనుక కొన్ని వారాల్లో చనిపోతాయి. పైగా నీరు వేడెక్కినకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది.

నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాన్లు తిప్పితే ఆవిరితో పాటు వేడి పోతుంది. హైదరాబాదు వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ ఉపాయం రెండు మూడు డిగ్రీలు దించుతుంది, దానికి తగ్గట్టు రోజుకు మూడు నాలుగు లీటర్ల నీరు ఆవిరి కావచ్చు. విశాఖలో గాలి తేమగా ఉన్న రోజుల్లో ఇది అంతగా పనిచేయదు, కూలర్ పనిచేయని చోట ఇదీ పనిచేయదనుకోండి. ఏప్రిల్, మే నెలల్లో గది 35 డిగ్రీలకు చేరితే ఫ్యాన్లు ఎక్కడైనా చాలవు. అప్పుడు చిల్లర్ కావాలి, లేదా ట్యాంకు ఉన్న గదిలో పగలూ రాత్రీ ఏసీ నడవాలి. చిల్లర్ నీటి నుంచి తీసిన వేడిని గదిలోకే వదులుతుంది. దాన్ని స్టాండు అరలో పెట్టి తలుపు మూస్తే తన వేడినే తాను పీల్చుకుంటుంది, కనుక గాలి ఆడే చోట విడిగా ఉంచాలి. డిసెంబరు, జనవరి రాత్రుల కోసం థర్మోస్టాట్ ఉన్న చిన్న హీటరు కూడా అవసరమవుతుంది.

కరెంటు

ఉప్పునీరు కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది. అక్వేరియం లైనుకు విడిగా, కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి, ఎర్తింగు సరిగా ఉన్నదని ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే దిగువకు వంగి మళ్లీ పైకి లేచేలా ఉంచితే, వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, సాకెట్టులోకి వెళ్లదు. నీటిలో చేయి పెట్టే ముందు స్విచ్చులు ఆపండి, ఇంట్లో అందరికీ ఈ నియమం చెప్పండి.

కరెంటు పోతే మొదట ముంచుకొచ్చేది వేడి కాదు, ఆక్సిజన్ కొరత. నీరు కదలకపోతే ఉపరితలం దగ్గర వాయువుల మార్పిడి దాదాపు ఆగిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద చిల్లరు, లైట్లు నడపవలసిన పనిలేదు. ట్యాంకులో నీటిని కదిలించే వేవ్‌మేకర్ ఒకటి, ఎయిర్ పంపు ఒకటి నడిస్తే చాలు, రెండూ కలిపి ఇరవై ముప్పై వాట్లు మించవు. ఇన్వర్టర్ సైన్ వేవ్ రకమై ఉండాలి, స్క్వేర్ వేవ్ మీద మోటార్లు మూలుగుతాయి, వేడెక్కుతాయి. ఇన్వర్టర్ లేని ఇంట్లో కనీసం బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి చేతికందేలా ఉంచండి.

రాళ్లు, సైకిల్

ఈ ట్యాంకుకు 15 కిలోల డ్రై రాక్, అంటే ప్రాణుల్లేని ఎండు రాయి, సరిపోతుంది. రాళ్లను ఇసుక మీద కాకుండా అడుగు గాజు మీదే ఆనించి, తరువాత చుట్టూ ఇసుక పోయాలి. ఇసుకను తవ్వే గోబీ చేప కింద తవ్వితే గుట్ట కూలుతుంది. వెనుక గాజుకు తగలనివ్వకుండా, నీరు దూరి వెళ్లే సందులతో, రెండు చిన్న గుట్టలుగా కట్టండి. నిండా పేర్చిన గోడలాంటి రాతి కట్టడం చూడడానికి ఘనంగా ఉంటుంది గాని దాని వెనక మడ్డి పేరుకుంటుంది.

ఇప్పుడు బ్యాక్టీరియాను పెంచాలి, దీన్నే సైకిల్ అంటారు. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను ఒక జాతి బ్యాక్టీరియా నైట్రైటుగా, మరొకటి నైట్రేటుగా మారుస్తుంది. సీసాలో దొరికే బ్యాక్టీరియా పోసి, సువాసనలూ సబ్బులూ కలవని అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో అమ్మోనియాను 2 పీపీఎంకు (పది లక్షల వంతుల్లో 2 వంతులకు) తెచ్చి, లైట్లు ఆర్పి ఉంచండి. మళ్లీ 2 పీపీఎం వేసినా ఒక్క రోజులో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చేవరకు ఆగాలి. దీనికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నైట్రైటు మిగిలి ఉన్నంతకాలం నైట్రేటు టెస్ట్ కిట్ తప్పు లెక్క చూపిస్తుంది కనుక ఆ అంకెను అప్పటికి పట్టించుకోవద్దు. సైకిల్ కోసమని డామ్సెల్ చేపలను వేసే పాత అలవాటు కొన్ని దుకాణాల్లో ఇంకా ఉన్నది. అది ప్రాణిని అమ్మోనియాలో ఉడికించడమే, దయచేసి చేయవద్దు.

తరువాతి రెండు మూడు నెలలు ట్యాంకు అందంగా ఉండదు. ముందు ఇసుక మీద గోధుమరంగు డయాటమ్ పొర, దాని వెనుక ఆకుపచ్చ వెంట్రుకల నాచు, కొన్నిసార్లు ఎర్రటి జిగురు తెర వస్తాయి. ఇవి రావడం సహజం. ట్రోకస్, టర్బో నత్తలను వదలండి, నాచును చేతితో పీకండి, మేత తగ్గించండి. మందులు పోసి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకు దించితే డైనోఫ్లాజెలేట్లు అనే మరింత మొండి జిగురు పట్టుకుంటుంది. నైట్రేట్ 2 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య ఉండనివ్వండి.

చేపలు, పగడాలు

మొదటి జంటగా ఒసెల్లారిస్ క్లౌన్ ఫిష్ కంటే తగినది లేదు. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల సంతానోత్పత్తి పద్ధతులను మన దేశంలోనే రూపొందించింది. హేచరీలో పుట్టిన పిల్లలు సముద్రంలో పట్టిన వాటికన్నా గట్టివి, గుళికల మేతకు అలవాటు పడినవి. సముద్రంలో అవి ఆశ్రయించే ఎనిమోని అనే ప్రాణి ట్యాంకులో తప్పనిసరి కాదు. మాండరిన్ చేప, మూరిష్ ఐడల్ చూడగానే మనసు లాగుతాయి గాని, మొదటిది రాళ్ల మీది సూక్ష్మ ప్రాణులను తప్ప మరొకటి తినక కొత్త ట్యాంకులో ఆకలితో చనిపోతుంది, రెండవది అనుభవజ్ఞుల దగ్గరే బతకడం కష్టం. మూడడుగుల ట్యాంకులో నాలుగైదు చిన్న చేపలు చాలు, మొదటి జంట తరువాత నెలకొకటి చొప్పున.

ప్రతి చేపను నాలుగు వారాలు వేరే చిన్న ట్యాంకులో క్వారంటైన్‌లో ఉంచాలి. సముద్రపు ఇక్, వెల్వెట్ అనే పరాన్నజీవులు ఒకసారి పెద్ద ట్యాంకులో దిగితే, వాటికి వాడే రాగి మందును అక్కడ పోయలేము. రాగి పగడాలను, రొయ్యలను, నత్తలను చంపుతుంది. అప్పుడు చేపలన్నిటినీ బయటికి తీసి చికిత్స చేస్తూ, పెద్ద ట్యాంకును రెండున్నర నెలలు చేప లేకుండా వదిలేయవలసి వస్తుంది.

పగడాలకు లైటు మొదట తక్కువగా, 30 శాతం దగ్గర మొదలుపెట్టి వారాల మీద పెంచండి, రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు చాలు. మెత్తని జాతులకు 50 నుంచి 150 పార్ (పగడాలకు పనికొచ్చే కాంతిని కొలిచే లెక్క) సరిపోతుంది. జోయాంథిడ్లను ముట్టుకునేటప్పుడు గ్లవుజులు, కళ్లద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది, అవి పట్టిన రాయిని వేడినీటిలో వేసినా, మరిగించినా ఆ ఆవిరి ఇంటిల్లిపాదినీ ఆసుపత్రి పాలు చేయగలదు. చిన్న ముక్కలను జిగురుతో రాయికి అంటించేటప్పుడు, పక్క జాతికి అరచేయి వెడల్పు దూరం ఉంచండి, అవి పెరిగి ఒకదాన్నొకటి కుడతాయి.

వారానికొకసారి, ఒకే వేళకు, క్షారత, నైట్రేట్, ఫాస్ఫేట్ కొలిచి నోటుపుస్తకంలో రాసుకోండి. క్షారత 8 నుంచి 9 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం), కాల్షియం 400 నుంచి 450, మెగ్నీషియం 1250 నుంచి 1350 పీపీఎం ఉండాలి. మెత్తని పగడాలున్నంత కాలం వారానికి పది శాతం నీరు మార్చడమే ఈ లెక్కలను నిలబెడుతుంది. మార్చే నీరు ఉప్పదనంలోనూ వేడిమిలోనూ ట్యాంకు నీటితో సమానంగా ఉండాలి. ఏదైనా అంకె తప్పినా ఒక్క రోజులో సరిచేయాలని చూడకండి. క్షారతను రోజుకు ఒక డీకేహెచ్ కంటే ఎక్కువ కదిలించకూడదు.

సంక్రాంతికి వారం రోజులు ఊరికి వెళ్లేటప్పుడు, టాప్ ఆఫ్ డ్రమ్ము నింపి, స్కిమ్మర్ కప్పు కడిగి, ఒక్కో రోజు మేతను ఒక్కో చిన్న పొట్లంగా కట్టి పక్కింటివారికి ఇవ్వండి, డబ్బా మొత్తం మాత్రం ఇవ్వవద్దు. వేవ్‌మేకర్ ఏ ప్లగ్గుదో, ఎయిర్ పంపు ఏ ప్లగ్గుదో పెద్ద అక్షరాలతో రాసి అతికించండి, కరెంటు పోతే మీకు ఫోన్ చేయమనండి.